మునిగింది మాయమైనట్టు కాదు

సముద్రంలో చమురు ఒలికితే విమానాల నుంచి మందు చల్లుతారు. తెట్టు చెదిరిపోతుంది, నీళ్లు మళ్లీ నీలంగా కనిపిస్తాయి. మరి ఆ నూనె ఎక్కడికి పోయినట్టు? సముద్రానికి చాలా దూరంలో, కృష్ణ ఒడ్డున సోమశిల రేవులో ఎదురైన ప్రశ్న ఇది.

సోమశిల రేవు మీద అప్పుడప్పుడే ఎండ పడుతోంది. పడవ నడిపే కుర్రాడు తాడు లాగాడు. ఇంజిన్ రెండుసార్లు దగ్గి మూడోసారికి అందుకుంది. పడవ వెనక నీళ్ల మీద అరచేతంత మరక పడింది. చూస్తుండగానే చాపంత అయింది. ఊదా, ఆకుపచ్చ, పసుపు రంగుల్లో నెమలి ఈకను నీళ్ల మీద పరిచినట్టుంది. ఒలికింది మహా అయితే నాలుగు చుక్కల డీజిల్.

అక్కడికి నాలుగు గజాల దూరంలో ఒకామె చేపల పులుసు వండిన గిన్నె తోముతోంది. గిన్నె అంచుకు పట్టిన ఎర్రటి నూనె మీద సబ్బు రుద్ది, ఒక్కసారి నీళ్లలో ముంచి తీసింది. గిన్నె తళతళలాడింది. 'నూనె భలే పోయిందమ్మా' అన్నాను. ఆమె నావైపు చూసి నవ్వింది. 'గిన్నె మీదికెల్లి పోయింది సార్. నీళ్లల్లకు పోయింది. ఇంకేడికి పోతది?'

సముద్రంలో ఒలికిన చమురు మీద రసాయనాలు చల్లడం మంచిదా, చెడ్డదా అన్న వాదన అరవై ఏళ్లుగా సాగుతోంది. ఎన్ని ప్రయోగశాలలు, ఎన్ని నివేదికలు చూసినా చివరికి తేలేది ఆమె అడిగిన ఆ రెండు మాటల ప్రశ్నే.

ఈ నీళ్లు ఎంతదూరం పోతాయి?

సోమశిలకు, సముద్రపు చమురుకు సంబంధమేమిటని అనిపించవచ్చు. ఈ నీళ్ల వెంట పోయి చూద్దాం. రేవు ముందున్నది శ్రీశైలం జలాశయపు వెనుక జలాలు. అవతలి ఒడ్డున పోతిరెడ్డిపాడు దగ్గర తలుపులెత్తితే ఈ నీళ్లు రాయలసీమ మీదుగా సాగి పెన్నా నది మీదున్న ఇంకో సోమశిలకు, నెల్లూరు జిల్లా సోమశిల జలాశయానికి చేరతాయి. అక్కడి నుంచి కండలేరుకు, కండలేరు నుంచి తెలుగుగంగ కాలువలో తమిళనాడు సరిహద్దు దాటి పూండి జలాశయానికి పోతాయి. చెన్నై తాగే నీళ్లలో ఇవి ఒక పాలు. పూండి కట్టింది కొసస్తలయార్ నది మీద. ఆ నది సముద్రంలో కలిసేది ఎన్నూరు దగ్గర.

చమురు ఒలికితే ఏమవుతుందో ఇటీవలి కాలంలో తూర్పు తీరం కళ్లారా చూసింది ఆ ఎన్నూరులోనే. 2017 జనవరి 28 తెల్లవారుజామున కామరాజర్ పోర్టు బయట 'బీడబ్ల్యూ మేపుల్' అనే గ్యాస్ నౌక, 'డాన్ కాంచీపురం' అనే చమురు నౌక ఢీకొన్నాయి. 196.4 టన్నుల ఫర్నేస్ ఆయిల్ సముద్రంలో కలిసిందని అధికారిక అంచనా. అది తారులా చిక్కగా రాళ్ల సందుల్లో పేరుకుపోయింది. విద్యార్థులు, జాలర్లు, కూలీలు వరుసలో నిలబడి బక్కెట్లతో తోడిపోశారు. కోట్ల ఖరీదు చేసే యంత్రాల కన్నా ప్లాస్టిక్ బక్కెట్టే ఎక్కువ పనిచేసిన రోజులవి. మళ్లీ 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను వరదతో మనలి పారిశ్రామిక ప్రాంతం నుంచి కొట్టుకొచ్చిన చమురు ఎన్నూరు క్రీక్‌ను కమ్మేసింది. రెక్కలకు నల్లటి జిడ్డు పట్టి ఎగరలేకపోయిన గూడబాతుల ఫొటోలు అప్పట్లో అందరం చూశాం.

ఆ ఫొటోల్లో ఉన్న బలమే ఈ కథకు మూలం. జిడ్డు పట్టిన పక్షి కంటికి కనిపిస్తుంది. నల్లబడిన ఇసుక కనిపిస్తుంది. కనిపించేదాన్ని ముందు తుడిచేయాలనిపించడం మనిషి స్వభావం. ఆ తొందరకు రసాయన పరిశ్రమ చూపిన దారి డిస్పర్సెంట్. తెలుగులో చెప్పాలంటే చమురును చెదరగొట్టే మందు.

కొచ్చి ముందు కమ్మిన తెట్టు

2025 మే 25న లైబీరియా జెండాతో నడిచే 'ఎంఎస్‌సీ ఎల్సా 3' అనే కంటైనర్ల నౌక కొచ్చికి 38 నాటికల్ మైళ్ల దూరంలో మునిగిపోయింది. అందులోని 24 మందినీ కాపాడారు. నౌకతో పాటు 640 కంటైనర్లు, ట్యాంకుల్లో 367.1 టన్నుల ఫర్నేస్ ఆయిల్, 84.44 టన్నుల డీజిల్ నీటిపాలయ్యాయి. తెట్టు పైకి తేలింది. కోస్ట్‌గార్డ్ నౌకలు, డోర్నియర్ విమానాలు రంగంలోకి దిగి డిస్పర్సెంట్ చల్లాయి. నౌక చుట్టూ 20 నాటికల్ మైళ్ల మేర చేపల వేట ఆపేశారు. ఆ తెట్టు గాలికి, అలలకు ఎటు కదులుతుందో లెక్కగట్టి చెప్పిన వాళ్లలో హైదరాబాద్ ప్రగతినగర్‌లోని ఇన్‌కాయిస్ శాస్త్రవేత్తలున్నారు. దేశానికి సముద్ర సమాచారం ఇచ్చే కేంద్రం సముద్రమే లేని తెలంగాణలో ఉంది.

కేరళ మార్కెట్లలో చేప కొనేవాళ్లు తగ్గారు. 'ఈ చేప తినొచ్చా?' అని జనం అడిగారు. 'ఆ మందు చల్లిన నీళ్లలో ఈ ఏడాది గుడ్లు బతికాయా?' అని అడిగినవాళ్లు తక్కువ. నిజానికి మొదటి ప్రశ్న కన్నా రెండోదే పెద్దది.

సబ్బు చేసే పని

గ్లాసు నీళ్లలో నాలుగు చుక్కల నువ్వుల నూనె వేయండి. పైన తేలుతుంది. గిన్నెలు తోమే సబ్బునీళ్లు ఒక చుక్క వేసి చెంచాతో తిప్పండి. నూనె తెట్టు పోయి నీళ్లు పలచటి మజ్జిగలా తెల్లబడతాయి. నూనె ఎక్కడికీ పోలేదు. లక్షల బిందువులై గ్లాసంతా పరుచుకుంది. డిస్పర్సెంట్ చేసేది అచ్చం ఇదే. అందులో రెండు సరుకులుంటాయి. ఒకటి సబ్బులాంటి పదార్థం. దాని అణువుకు ఒక కొస నూనెను పట్టుకుంటుంది, ఇంకో కొస నీళ్లను పట్టుకుంటుంది. రెండోది ఆ పదార్థాన్ని చమురులోకి మోసుకుపోయే ద్రావకం. మామూలుగా ఇరవై పాళ్ల చమురుకు ఒక పాలు మందు చాలంటారు. అలల తాకిడికి తెట్టు తెగి, మనిషి వెంట్రుక మందాన్ని మించని బిందువులవుతుంది. అంత చిన్న బిందువు పైకి తేలదు, నీళ్లలోనే వేలాడుతుంది. మందు పనిచేసిందా లేదా అన్నది పైలట్‌కు ఆకాశం నుంచే తెలుస్తుంది. పనిచేస్తే సముద్రం మీద పాలు కలిపిన కాఫీ రంగు మబ్బు కమ్ముకుంటుంది.

మందు వేసేవాళ్ల వాదనలో బలం లేకపోలేదు. నూనె చిన్న చిన్న బిందువులైతే దాన్ని తినే సూక్ష్మజీవులకు అందుబాటులోకి వస్తుంది. తెట్టు ఒడ్డుకు చేరదు. పక్షుల రెక్కలకు అంటదు. అయితే దీనికి గడువుంది. ఒలికిన కొన్ని గంటల్లో, మహా అయితే ఒకటి రెండు రోజుల్లో చల్లాలి. ఆ తర్వాత తేలికపాటి భాగం ఆవిరై, మిగిలింది నీళ్లతో చిలికి గట్టి ముద్దవుతుంది. దాని మీద మందు పోసినా జారిపోతుంది. ఎన్నూరులో పేరుకుపోయిన ఫర్నేస్ ఆయిల్‌లాంటి చిక్కటి నూనెలతో వచ్చే చిక్కు అదే.

సబ్బుకూ చేపకూ ఉన్న వైరం మన చెరువుల వాళ్లకు కొత్త కాదు. పిల్ల వేసే ముందు చెరువులోని కలుపు చేపల్ని చంపడానికి ఇప్ప చెక్క చల్లుతారు. అందులో ఉన్నది సాపోనిన్, కుంకుడుకాయకు నురగనిచ్చే పదార్థమే. నీళ్లలో నురగ తెప్పించేది మొప్పల పల్చటి పొరను కూడా పట్టుకుంటుంది. తల రుద్దుకునే కుంకుడు రసం మనకు మేలు, చేపకు విషం. ఒకే సరుకు ఎవరి ఒంటికి తగిలిందన్న దాన్ని బట్టి మందో విషమో అవుతుంది.

నత్తలు చచ్చిన రాళ్లు

మొదటి పాఠం ఇంగ్లండ్‌లో దొరికింది. 1967 మార్చి 18న 'టోరీ కాన్యన్' అనే చమురు నౌక కార్న్‌వాల్ తీరం దగ్గర రాతిగుట్టకు కొట్టుకుంది. దాదాపు 1.2 లక్షల టన్నుల కువైట్ ముడిచమురు సముద్రంలో కలిసింది. అక్కడివాళ్లు కంగారుపడి 10 వేల టన్నుల డిటర్జెంట్ తెచ్చి సముద్రం మీదా ఒడ్డు రాళ్ల మీదా కుమ్మరించారు. అవి నౌకల ఇంజిన్ గదులు కడిగే మందులు. చమురు కన్నా అవే ఎక్కువ విషం.

రాళ్లకు అతుక్కుని, వాటి మీది పాచి గోకి తినే టోపీ నత్తలు మూకుమ్మడిగా చచ్చాయి. పాచిని మేసేవాళ్లు లేకపోవడంతో రాళ్లన్నీ ఆకుపచ్చబడ్డాయి. చూసేవాళ్లకు అది పచ్చదనం. శాస్త్రవేత్తలకు అది ఖాళీ అయిన ఊరు. అదే తీరంలో గోడ్రెవీ అనే చోట సీల్ జంతువులకు హాని జరుగుతుందని డిటర్జెంట్ చల్లలేదు. అక్కడ చమురు పడింది కానీ మందు పడలేదు. రెండు మూడేళ్లలో ఆ రాళ్లు కోలుకున్నాయి. మందు బాగా పోసిన చోట్ల పూర్వస్థితి రావడానికి పదేళ్లు, కొన్నిచోట్ల పదిహేనేళ్ల దాకా పట్టింది.

ఆ దెబ్బతో మందులు మారాయి. ఇప్పటి డిస్పర్సెంట్లలో వాడే కొన్ని పదార్థాలు ఐస్‌క్రీమ్‌లోనూ ఉంటాయి. డాస్ అని పొట్టిగా పిలిచే మరొకటి మలబద్ధకానికి డాక్టర్లు రాసే మాత్రలో ఉండేదే. ఇవాళ్టి మందును అప్పటి డిటర్జెంట్‌తో పోల్చడం న్యాయం కాదు. 1996లో వేల్స్ దగ్గర 'సీ ఎంప్రెస్' నుంచి 72 వేల టన్నుల ముడిచమురు కారినప్పుడు ఒడ్డుకు దూరంగా, లోతైన నీళ్లలో 446 టన్నుల మందు చల్లారు. చమురులో పెద్ద భాగం ఒడ్డు చేరకుండా ఆగిందని తర్వాతి అధ్యయనాలు ఒప్పుకున్నాయి. మందు విషం తగ్గింది, నిజమే. కానీ ఆ మందు నీళ్లలోకి దింపే నూనె విషం ఏమీ తగ్గలేదు.

70 లక్షల లీటర్లు

ఆ సంగతి తేలింది 2010లో. ఏప్రిల్ 20న గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో 'డీప్‌వాటర్ హొరైజన్' రిగ్గు పేలి 11 మంది చనిపోయారు. కిలోమీటరున్నర లోతులో తెగిన బావి 87 రోజులు కారింది. అమెరికా ప్రభుత్వం అనుమతితో 18.4 లక్షల గ్యాలన్ల డిస్పర్సెంట్ వాడారు. అంటే దాదాపు 70 లక్షల లీటర్లు. అందులో 29 లక్షల లీటర్లను సముద్రపు అడుగున, బావి నోటి దగ్గరే ఎక్కించారు. అంత లోతులో అలా చేయడం అదే మొదటిసారి. ఫలితం ఎలా ఉంటుందో ముందుగా చూసినవాళ్లు లేరు. నెల తిరిగేసరికి వాడకం బాగా తగ్గించమని పర్యావరణ సంస్థ ఈపీఏనే బావి యజమాని బీపీ కంపెనీని ఆదేశించాల్సి వచ్చింది.

ఆ తర్వాత బయటపడిన విషయాలు ఒకదానితో ఒకటి ఢీకొంటాయి. మైసిడ్ రొయ్యల మీద, చిన్న చేపల మీద ఈపీఏ పరీక్షలు చేసి, చమురు–మందు మిశ్రమం విడి చమురు కన్నా ఎక్కువ విషమేమీ కాదంది. 2013లో మెక్సికో, అమెరికా పరిశోధకులు రోటిఫర్ అనే సూక్ష్మజీవి మీద చూసి, మిశ్రమం 52 రెట్ల దాకా ఎక్కువ విషమన్నారు. మందు వేస్తే నూనె తినే సూక్ష్మజీవులకు పండగేనని పరిశ్రమ చెబుతుండగా, 2015లో జార్జియా విశ్వవిద్యాలయ బృందం నూనె తినాల్సిన కొన్ని జీవులు వెనకబడి, మందును తినేవి పెరిగాయని చూపింది. లోతు నీళ్లలో డాస్ జాడలు నెలల తరబడి అలాగే ఉన్నట్టు వుడ్స్ హోల్ సముద్ర పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు గుర్తించారు. చమురు బిందువులు సముద్రపు నాచుతో, మట్టితో ముద్దకట్టి అడుగుకు దిగడాన్ని, లోతుల్లోని పగడాలు దెబ్బతినడాన్ని చూశారు. మందు తగిలిన పనివాళ్లలో దగ్గు, పిల్లికూతలు, కళ్లమంటలు ఎక్కువని 2017 నాటి అధ్యయనం చెప్పింది.

ఎవరి మాట నమ్మాలి? 2019లో అమెరికా నేషనల్ అకాడమీలు ఇదంతా మళ్లీ తిరగేసి చెప్పిన దాని సారం ఇది. ఇప్పటి మందుల విషయంలో అసలు విషం చమురే. మందు ఆ చమురును ఎవరి దగ్గరికి చేరుస్తుందన్నదే ప్రశ్న. మంచిదా చెడ్డదా అని ఒక్క ముక్కలో తీర్పు కుదరదు, ప్రతి ఘటననూ విడిగా తూకం వేయాలి.

తక్కెడలో ఎవరున్నారు?

ఆ తూకంలో ఒక పళ్లెం ఎప్పుడూ తేలికగా కనిపిస్తుంది. చాలా సముద్రపు చేపల గుడ్లు నీటి పైపొరల్లో తేలుతుంటాయి. గుడ్డులోంచి వచ్చిన పిల్ల ఆవగింజంత ఉండదు, ఈదలేదు, పారిపోలేదు. తెట్టు పైనే ఉంటే దానికి తగిలేది కొంత. మందు చల్లి నూనెను కిందికి దింపితే ఆ పిల్లలు బతికే నీళ్లన్నీ నూనె నీళ్లే. చమురులోని కొన్ని పదార్థాలు ఎదిగే పిండం గుండె లయను తప్పిస్తాయని అలాస్కాలో 1989 నాటి 'ఎక్సాన్ వాల్డెజ్' ప్రమాదం తర్వాతి పరిశోధనలు తేల్చాయి. వెంటనే చావని పిల్ల కూడా గట్టిగా ఈదే చేప కాలేదు.

సోమశిల వాళ్లకు దీన్ని పుస్తకం చూపించి చెప్పక్కర్లేదు. ఈ వెనుక జలాల్లో అలివి వలల గొడవ ఏళ్లుగా నలుగుతున్నదే. కన్ను సన్నని ఆ వల పిల్లచేపను కూడా వదలదు. అందుకే దాని మీద నిషేధం, అందుకే రేవుల్లో పంచాయితీలు. 'పిల్లను పట్టినోడు రేపటిని పట్టినట్టే' అని వాదించే మనిషికి పిల్లల మీద నూనె దింపడమంటే ఏమిటో ఒక్క క్షణంలో అర్థమవుతుంది. సముద్రం మీద తూర్పు తీరమంతా ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మర పడవల వేట ఆపేది గుడ్లు పెట్టే కాలమనే కదా. ఆ రోజుల్లో చల్లే మందు, జనవరిలో చల్లే మందు ఒకటి కావు.

రెండో పళ్లెంలో మడ అడవులున్నాయి. 1984లో పనామా తీరంలో శాస్త్రవేత్తలు కావాలనే ఒకచోట ఉత్త ముడిచమురు, ఇంకోచోట మందు కలిపిన చమురు వదిలి ఏళ్ల తరబడి గమనించారు. ఉత్త చమురు పడ్డచోట మడ చెట్లు చచ్చాయి. మట్టిలో దిగిన నూనె దశాబ్దాలు ఉండిపోయింది. మందు కలిపిన చోట మడ బతికింది. పగడాలకు, వాటి మధ్య బతికే జీవాలకు మాత్రం అప్పటికప్పుడు పెద్ద దెబ్బ తగిలింది, తర్వాత మెల్లగా కోలుకున్నాయి.

దీన్ని కాకినాడకు తెచ్చి చూడండి. కృష్ణా–గోదావరి బేసిన్‌లో 98/2 బ్లాకు నుంచి 2024 జనవరి 7న ఓఎన్‌జీసీ చమురు తీయడం మొదలుపెట్టింది. ఆ బావులకూ ఒడ్డుకూ దూరం 35 కిలోమీటర్లు. ఒడ్డున కోరింగ మడ అడవి, 235 చదరపు కిలోమీటర్ల అభయారణ్యం. అక్కడ ఎప్పుడైనా చమురు ఒలికి, గాలి ఒడ్డు వైపు తిరిగితే లోతు నీళ్లలోనే మందు చల్లి మడను కాపాడాలా? లేక చేప పిల్లల్ని కాపాడటానికి తెట్టును అడ్డుకట్టలు వేసి తోడుకోవాలా? రెండింటికీ జవాబు అవునే కావచ్చు, కాదే కావచ్చు. నెల, లోతు, గాలి, నూనె రకం చూసి చెప్పాలి. లెక్కలు ముందే వేసి పెట్టుకోకపోతే, ఆ రాత్రి విమానం ఎగిరే రెండు గంటల్లో అవి తేలవు.

మన దేశంలో 1996 నుంచి జాతీయ చమురు తెట్టు విపత్తు ప్రణాళిక ఉంది. బాధ్యత కోస్ట్‌గార్డ్‌ది. వాళ్ల అనుమతి లేకుండా మన జలాల్లో మందు చల్లకూడదు. లోతు తక్కువ చోట, మడల దగ్గర, పగడాల మీద, నీళ్లు తోడుకునే చోట చల్లకూడదన్నది ప్రపంచమంతా పాటించే జాగ్రత్త. చల్లేదాకా నియమాలున్నాయి. చల్లిన తర్వాతి లెక్కే తక్కువ. తెగిన వలకు, చెడిన పడవకు పరిహారం అడగొచ్చు. నాలుగేళ్ల తర్వాత వల సగం ఖాళీగా వస్తే దానికి కారణం ఆనాటి మందేనని ఏ జాలరి రుజువు చేయగలడు? కాబట్టి మందు చల్లాలన్న నిర్ణయం మీద సంతకం ఎంత ముఖ్యమో, ఆ నీళ్లను మూడు నాలుగేళ్లు పరీక్షించి ఫలితాలు తీరంలో చదివి వినిపించడం అంత ముఖ్యం. ఏ నెలలో ఏ చేప ఎక్కడ గుడ్డు పెడుతుందో తెలిసినవాడు ఆ నిర్ణయం తీసుకునే బల్ల దగ్గర ఒక కుర్చీలో ఉండాలి.

సోమశిలలో అయితే?

ఈ రేవులో రేపు ఒక లాంచీ మునిగి డీజిల్ కారితే? ఇక్కడ జవాబుకు తూకం అక్కర్లేదు. డిస్పర్సెంట్లు ఉప్పునీటి కోసం చేసినవి, మంచినీళ్లలో సరిగా పనిచేయవు. సముద్రంలోలాగా పలచబరిచేంత నీరు జలాశయంలో ఉండదు. పైగా ఈ ఒడ్డున ఎల్లూరు దగ్గర కల్వకుర్తి ఎత్తిపోతల పంపులు, ఆ ఒడ్డున పోతిరెడ్డిపాడు తూములు ఈ నీళ్లనే తోడతాయి. ఇక్కడ తెట్టును తెట్టుగానే ఉంచి, తేలే అడ్డుకట్టతో చుట్టి, తోడి పారబోయాలి. నూనె కంటికి కనిపించడమే ఇక్కడ మనకున్న అదృష్టం. కనిపిస్తే పట్టుకోగలం.

సాయంత్రం తిరుగు ప్రయాణంలో పడవ కుర్రాడు నీళ్ల మీద వేలు చూపించి, 'గాడ సంగమేశ్వరం ఉంది' అన్నాడు. అక్కడ నీళ్లు తప్ప ఏమీ లేవు. శ్రీశైలం జలాశయం నిండినప్పుడు ఈ ఒడ్డున ఊళ్లకు ఊళ్లు లోపలికి పోయాయి. సోమశిల గుళ్లను రాయి రాయి విప్పి గట్టు మీదికి తెచ్చి మళ్లీ పేర్చుకున్నారు. అవతల సంగమేశ్వరం గుడిని కదిలించలేదు. అది ఏడాదిలో ఎక్కువ నెలలు నీళ్ల కిందే. ఎండాకాలం మట్టం పడిపోతే ముందు శిఖరం, తర్వాత గోడలు, చివరికి వేపదారు లింగం బయటపడతాయి. జనం పడవలెక్కి పోయి పసుపు, కుంకుమ పెట్టి వస్తారు.

సోమశిల వాళ్లు ఆ నీళ్లను చూసి 'అక్కడ ఏమీ లేదు' అనరు. 'మునిగి ఉంది' అంటారు. నీలంగా మెరిసే సముద్రాన్ని విమానం కిటికీలోంచి చూసి, పని అయిపోయిందని కాగితం మీద రాసే అధికారి ఎవరైనా, ఆ ఒక్క మాట ఈ రేవు నుంచి నేర్చుకుపోవాలి.